కారు ఎందుకు స్టార్ట్ కాదు?

పెట్రోలు ఇంజను తనంతట తాను కదలదు. దాన్ని మొదట తిప్పేది బ్యాటరీతో నడిచే స్టార్టర్ మోటారు. అందుకే తాళం తిప్పగానే వచ్చే చప్పుడే మెకానిక్‌కు తొలి ఆధారం.

టకటకమని మాత్రమే వినిపిస్తే అనుమానం బ్యాటరీ మీదికే పోతుంది. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీలో సుమారు 12.6 వోల్టులు ఉంటాయి. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే. హెడ్‌లైట్లు వెలిగినంత మాత్రాన బ్యాటరీ బాగున్నట్టు కాదు. వాటికి కొద్దిపాటి కరెంటు చాలు, స్టార్టర్‌కు 100 ఆంపియర్లు దాటి కావాలి. తాళం తిప్పినప్పుడు లైట్లు బాగా మసకబారితే బ్యాటరీ నీరసించిందనో, టెర్మినళ్లు వదులయ్యాయనో అర్థం. టెర్మినళ్ల మీద పేరుకున్న పొడిని శుభ్రం చేస్తే సరిపోయే సందర్భాలూ ఉంటాయి. కొత్త బ్యాటరీ కొనే ముందు ఇది చూడటం మంచిది. లైట్లు తగ్గకుండా, ఒక్కసారి టక్‌మని ఆగిపోతే లోపాన్ని స్టార్టర్‌లోనో దాని వైర్లలోనో వెతకాలి.

ఇంజను చురుగ్గా తిరుగుతున్నా అందుకోకపోతే చూడాల్సినవి పెట్రోలు, స్పార్క్. చాలా కార్లలో తాళం ఆన్ చేయగానే పెట్రోలు ట్యాంకు వైపు నుంచి పంపు కాసేపు గుయ్‌మంటుంది. ఆ చప్పుడు లేకుంటే ముందు ఫ్యూజు చూడాలి.

ఆటోమేటిక్ కారులో గేరు ‘పి’ లేదా ‘ఎన్’లో లేకపోతే స్టార్టర్ అసలు తిరగదు. అది లోపం కాదు, భద్రత కోసం పెట్టిన ఏర్పాటు.