ఆయాసమును మనోధైర్యమును

దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధి దేహమునే గాక మనస్సునుగూడ క్రుంగదీయును. పొగాకువలనను పొయ్యిపొగవలనను శ్వాసనాళము లిరుకైనవారికి కొలది నడకకే ఆయాసము గలుగును. ఆయాసము భయమును పుట్టించును. భయమువలన శ్వాస వేగమగును. అంతట లోపలి గాలి పూర్తిగా వెలువడక ఆయాసము మఱింత హెచ్చును. రోగి నడక మానివేయును; కండరములు క్షీణించి, మునుపటికంటె త్వరగా అలయును.

ఈ గొలుసును త్రెంచుటయే పునరావాస చికిత్స పని. ఇంగ్లండు దేశమందలి ఫ్రిమ్లీ శానిటోరియములో 1905 మొదలు మార్కస్ పాటర్సన్ అను వైద్యుడు క్షయరోగులచే మొదట నడకయు, పిమ్మట గంపలు మోయుటయు, తుదకు పారపనియు చేయించెను. పనియే రోగమును మాన్పునన్న ఆయన సిద్ధాంతము నిలువలేదు. శ్రమను క్రమముగా పెంచుట మాత్రము నేటి చికిత్సలోను గలదు. ఇప్పుడు సాధారణముగా 6 మొదలు 12 వారములు రోగులు గుంపుగా గూడి, పెదవులు ముడిచి మెల్లగా గాలి విడుచుట నేర్చి, నడకను కొంచెము కొంచెముగా పెంచుకొందురు. ఆయాసము వచ్చినను, నిలిచినచో తగ్గునని స్వయముగా గ్రహించినప్పుడే భయము సడలును.

విద్యార్థులారా! మీ యింట నట్టి పెద్దలున్నచో కదలవద్దని కట్టడిచేయకుడు, సోమరులని నిందింపకుడు. వైద్యుని యనుమతితో వారి వేగముననే తోడుగా నడువుడు. వారు నిలిచినచోట నిలువుడు. వారములకొలది నిరాశ వీడనిచో, దానినిగూడ దగ్గువలెనే వైద్యునికి జెప్పవలెను.