గంగమ్మ జాతరలో తైలవర్ణ పాఠము

చెట్టును, చెరువును చక్కగా చిత్రింపగల విద్యార్థి కూడ జాతర యెదుట నిలువగనే తబ్బిబ్బగును. చెట్టు కదలదు, జనము నిలువదు. తిరుపతిలో ఏటేట మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు జరుగు జాతర ఇట్టివానికి గొప్ప పరీక్ష. అయితే పరీక్ష పెట్టిన ఆ జాతరయే సమాధానమును కూడ చూపుచున్నదని చాలమంది గమనింపరు.

సాధారణముగా జరుగు పొరపాటొకటి యున్నది. ముందువరుసలోని మనుష్యుని కన్ను, ముక్కు, తలపాగ పూర్తిచేసి, పిదప ప్రక్కవానిని, ఆపై మరియొకనిని వ్రాయుచు పోవుదురు. సాయంకాలమునకు కాన్వాసుపై పండ్రెండుమంది తయారగుదురు; గుంపు మాత్రము రాదు. ఒకని నీడ పడమరకు, ఇంకొకని నీడ తూర్పునకు!

జాతర వేషములను చూడుడు. బైరాగి వేషమునకు తెల్లని నామపు సుద్ద, బండ వేషమునకు కుంకుమ, తోటి వేషమునకు బొగ్గు, దొర వేషమునకు చందనము పూసికొందురు; ఒక్కొక్క వేషమునకు ఒక్కొక్క దినము. ఆ పూతలో ఎవరి ముఖమెవరిదో గుర్తించుట కష్టము. జనమే తన ముఖములను ప్రక్కకు పెట్టి రంగుగా మారుచున్నదన్నమాట. చిత్రకారుడు చేయవలసిన మొదటి పనియు అదియే. కండ్లు సగము మూసి చూచినచో మనుష్యులు కరగి, వెలుగు నీడల ముద్దలు నాలుగైదు మిగులును. టర్పెంటైనుతో పలుచన చేసిన రంగుతో, పెద్ద కుంచెతో, ముందు వానినే వేయవలెను. ఉదయపు వేళ మేలు. పొడుగు నీడలు ఒకనిని మరియొకనితో కలుపును. మధ్యాహ్నపు నీడ కాళ్ళక్రిందనే ముడుచుకొనును.

అవిసె నూనె నీటివలె ఆవిరికాదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. ఇందుకు దినములు పట్టును. ఇది విద్యార్థికి మేలే. వెళ్ళిపోయిన మనుష్యుని గుడ్డతో తుడిచి, వచ్చినవానిని నిలుపవచ్చును. కాని నూనె హెచ్చుగల రంగు పై పొరకే తగును. అడుగున అది వేసి పైన పలుచని రంగు పూసినచో, కొంతకాలమునకు పటము బీటలువారును.

శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములలోను జనము కిక్కిరిసియుందురు. అక్కడ ప్రతి మూర్తిచుట్టును నల్లని గీత యుండి వారిని విడదీయును. తైలవర్ణములో ఆ గీత అక్కరలేదు. ఒకని అంచు మరియొకని నీడలో కలిసిపోవలెను. గీతకలవాటుపడిన చేతికిది కష్టమే.

1873లో ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే పారిసులోని యొక రాజవీథిని మేడపైనుండి చిత్రించి, నడుచు జనమును చిన్న చిన్న కుంచె మచ్చలుగా వేసెను. మరుసటి యేడు ప్రదర్శనలో దానిని చూచిన లూయీ లెరువా అను విమర్శకుడు, వీథిలో నడుచునపుడు మనమిట్లు కనబడుదుమా యని పరిహాసముగా వ్రాసెను. మేడపైనుండి చూచువానికి అట్లే కనబడుదుము మరి!

మచ్చయైనను మనిషి నడకను పట్టవలెను. మ్రొక్కు తీర్చుకొనుటకు చీరకట్టిన పురుషుని ముఖము వ్రాయనక్కరలేదు. భుజముల వెడల్పు, అడుగు వేయు తీరు చాలును.

ముఖము వ్రాయదగినది ఒక్కటే: జాతర ముగింపున ఆలయము ముందు మట్టితో మలచు అమ్మవారి విశ్వరూపము. తెల్లవారకముందే దానిని తొలగింతురు. ఆ మట్టికై భక్తులు త్రోసికొని వత్తురు. ఆ త్రొక్కిసలాటలో రంగులపెట్టె తెరచుట కుదరదు. పెన్సిలు, అరచేతిలో ఇముడు పుస్తకము చాలును. రంగులు ఇంటికి చేరిన పిదప.