క్రూజ్ టికెట్ కొనే ముందే అడగాల్సినవి: హలాల్ భోజనం, నమాజ్, వీసా, అసలు ఖర్చు

మన ఇళ్ళల్లో నానీ, దాదీల తరానికి ఓడ ప్రయాణం అంటే హజ్ ప్రయాణమే. ముంబై నుంచి జిద్దాకు హాజీలను తీసుకెళ్ళే ఓడలు 1995తో ఆగిపోయాయి. ఇప్పుడు ఓడ అంటే పిల్లలకు సెలవుల సరదా. ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు కార్డేలియా ఓడ నడుస్తోంది. 2022 జూన్‌లో అది విశాఖపట్నం కూడా వచ్చింది. 2023లో విశాఖ పోర్టులో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. హైదరాబాద్ నుంచి విమానంలో సింగపూర్ వెళ్ళి, అక్కడ పెనాంగ్, ఫుకెట్ వెళ్ళే ఓడ ఎక్కే కుటుంబాలూ ఉన్నాయి.

అయితే క్రూజ్ కంపెనీలు రీఫండ్ విషయంలో గట్టిగా ఉంటాయి. బయల్దేరే తేదీ దగ్గరపడే కొద్దీ తిరిగొచ్చే డబ్బు తగ్గిపోతుంది, చివరి రోజుల్లో ఏమీ రాదు. అందుకే హలాల్ గురించి అయినా, వీసా గురించి అయినా సందేహం డబ్బు కట్టకముందే తీరిపోవాలి.

ప్రకటనలో ధర ఒకటి, బిల్లు ఇంకొకటి

ప్రకటనలో కనిపించే ధర సాధారణంగా ఒక మనిషికి, అదీ ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కతో వేసిన ధర. దాని మీద పోర్టు ఛార్జీలు, పన్నులు పడతాయి. ఆ తర్వాత టిప్పులు. పెద్ద అంతర్జాతీయ కంపెనీలు వీటిని ఒక్కొక్కరికి రోజు లెక్కన బిల్లులో కలిపేస్తాయి. ఉదాహరణకు రోజుకు 18 డాలర్లు అనుకుంటే, నలుగురికి 4 రాత్రులకు 288 డాలర్లు అవుతుంది. అంటే పాతిక వేల రూపాయల దాకా. పిల్లలకూ ఈ టిప్పు పడుతుందా అని అడగాలి. వైఫై, తీరం మీద తిరిగే టూర్లు, కొన్ని ప్రత్యేక రెస్టారెంట్లు కూడా వేరే ఖర్చు.

విదేశీ టూర్ ప్యాకేజీ అయితే ఏజెంట్ టీసీఎస్ కూడా వసూలు చేస్తాడు. ఇది పోయిన డబ్బు కాదు. పాన్ నంబరు మీద జమ అవుతుంది, ఐటీ రిటర్న్‌లో పన్ను నుంచి తగ్గించుకోవచ్చు, పన్ను లేకపోతే రీఫండ్ అడగొచ్చు. కాబట్టి ఇంట్లో రిటర్న్ వేసేవాళ్ళ పాన్ మీదే బిల్లు చేయించుకోవడం మేలు.

"నో కాస్ట్ ఈఎంఐ" అని చెబితే వెంటనే సరే అనకూడదు. చాలాసార్లు బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా చూపిస్తారు. వడ్డీకి దూరంగా ఉండాలనుకునేవాళ్ళు ఆ కాగితం చదివాకే సంతకం పెట్టాలి.

భోజనం హలాలేనా?

"మా దగ్గర పోర్క్ వడ్డించం" అంటే హలాల్ అని కాదు. "ఇండియన్ ఫుడ్ ఉంటుంది" అన్నా కాదు. అడగాల్సిన ప్రశ్నలు మూడు: మాంసానికి హలాల్ సర్టిఫికెట్ ఉందా? వంట పాత్రలు, వేయించే నూనె వేరుగా ఉంటాయా? సర్టిఫికెట్ ఓడ మొత్తానికా, ఒక్క వంటశాలకేనా?

సింగపూర్ నుంచి నడిచిన జెంటింగ్ డ్రీమ్ లాంటి ఓడలు హలాల్ ఫ్రెండ్లీ గుర్తింపుతో ప్రచారం చేసుకున్నాయి. అలాంటి ఓడలో కూడా బార్ ఉంటుంది, హలాల్ కాని వంటలు పెట్టే రెస్టారెంట్లూ ఉండొచ్చు. ఏ రెస్టారెంట్‌కు సర్టిఫికెట్ ఉందో పేరు పెట్టి అడగాలి, దాని గడువు తేదీ చూడాలి.

హలాల్ భోజనం కావాలని కనీసం నెలన్నర ముందే ఈమెయిల్‌లో రాసి, జవాబు దాచుకోవాలి. ఓడ ఎక్కిన సాయంత్రమే రెస్టారెంట్ మేనేజర్‌కు అది చూపించాలి. హలాల్ మాంసం లేకపోతే చేపలు, శాకాహారం ఉంటాయి. అప్పుడు కూడా సాస్‌లో వైన్, పుడ్డింగ్‌లో జెలటిన్ ఉన్నాయేమో కనుక్కోవాలి.

ఇంటి నుంచి బిర్యానీ కట్టుకుని వెళ్దాం అంటే కుదరదు. వండిన పదార్థాలను చాలా ఓడలు లోపలికి రానివ్వవు. సీల్ తీయని బిస్కెట్లు, పిల్లల ఆహారం లాంటివి సాధారణంగా రానిస్తారు. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె అగ్ని ప్రమాదం భయంతో తీసేసుకుంటారు.

నమాజ్, ఖిబ్లా

ఓడ ఉక్కుతో చేసింది. అందుకే గదిలో ఫోన్ కంపాస్ తప్పు దిక్కు చూపించొచ్చు. చాలా ఓడల్లో గదిలోని టీవీలో ఓడ ఎక్కడుందో, ఎటు పోతోందో మ్యాప్ కనిపిస్తుంది. మన తీరంలో అయినా, సింగపూర్, మలేషియా వైపు అయినా ఖిబ్లా పడమర దిక్కున, కాస్త ఉత్తరం వైపు ఉంటుంది. మగ్రిబ్ వేళ సూర్యుడు దిగే చోటు చూసుకుని, కొంచెం కుడికి తిరిగితే అందాజుగా సరిపోతుంది.

హనఫీ ఫిఖా ప్రకారం సుమారు 78 కిలోమీటర్లు దాటి వెళ్తూ, ఒక చోట 15 రోజులకన్నా తక్కువ ఉండే వ్యక్తి ముసాఫిర్. నాలుగు రకాతుల ఫర్జ్ రెండు రకాతులుగా ఖసర్ చేస్తారు. ముసాఫిర్ మీద జుమా వాజిబ్ కాదు, జుహర్ చదువుకుంటారు. నిలబడగలిగినవాళ్ళు నిలబడే చదవాలి. ఓడ ఊగి కళ్ళు తిరిగితే కూర్చుని చదివే వెసులుబాటు ఉంది. రెండు నమాజులు కలిపి చదవడం మీద మస్లక్‌ల మధ్య తేడా ఉంది కాబట్టి బయల్దేరే ముందు మీ మసీదు ఇమామ్ సాహెబ్‌ను అడగండి.

ఇంకొక సంగతి. కిటికీ లేని ఇన్‌సైడ్ గది చవక, కానీ లోపల తెల్లారిందో లేదో తెలియదు. సింగపూర్ టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఫోన్‌లో టైమ్ సరిచేసుకోకపోతే ఫజర్ తప్పిపోతుంది. ఓడ టైమ్ ప్రకారం అలారం పెట్టుకోవాలి.

వీసాలో చిన్న మాట, పెద్ద నష్టం

విమానంలో సింగపూర్‌లో దిగుతారు. ఓడలో మలేషియా, థాయిలాండ్ వెళ్తారు. మళ్ళీ సింగపూర్‌కే వస్తారు. అంటే సింగపూర్‌లోకి రెండుసార్లు ప్రవేశించినట్టు. సింగిల్ ఎంట్రీ వీసా ఉంటే ఓడ ఎక్కనివ్వరు, డబ్బు కూడా తిరిగి రాదు. వీసా కాగితం మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో ఇంట్లో ప్రతి ఒక్కరిదీ చూడాలి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఓడ ఆగే ప్రతి దేశం నియమాలు ఆ దేశ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూసుకోవాలి, అవి తరచూ మారుతుంటాయి. దేశం లోపలి క్రూజ్‌కు వీసా అక్కర్లేదు, పిల్లలతో సహా అందరికీ గుర్తింపు కార్డులు చాలు. లక్షద్వీప్‌కు మాత్రం పర్మిట్ కావాలి, అది ఎవరు తీస్తారో అడగాలి.

ఓడ బయల్దేరే రోజే విమానం దిగేలా ప్లాన్ చేయడం ప్రమాదం. విమానం లేటయితే ఓడ ఆగదు. ఒక రోజు ముందే చేరుకోవాలి.

పిల్లలు, పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు

చాలా కంపెనీలు ఆరు నెలలలోపు పసివాళ్ళను, 24 వారాలు దాటిన గర్భిణులను ఎక్కించుకోవు. ఓడలో డాక్టర్ ఉంటారు గానీ ఫీజు భారీగా ఉంటుంది. ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోవాలి. వికారం భయం ఉన్నవాళ్ళకు కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో ఉన్న గది మంచిది, అక్కడ ఊపు తక్కువ. అమ్మీ, అబ్బాలకు లిఫ్ట్ దగ్గర గది అడగాలి.

నిఖాబ్ వేసుకునేవాళ్ళు గేటు దగ్గర ముఖం చూపించాల్సి వస్తుంది. మహిళా సిబ్బంది కావాలని అడగొచ్చు. ఈత కొలనులో ఒళ్ళంతా కప్పే స్విమ్ డ్రెస్‌కు అనుమతి ఉందో లేదో ముందే తెలుసుకోవాలి. కసీనో, బార్ ఏ అంతస్తులో ఉన్నాయో చూసి, పిల్లలకు దారి ముందే చెప్పి పెట్టాలి.

ఎక్కిన రోజు

పెద్ద సూట్‌కేసులు టెర్మినల్‌లోనే తీసుకుంటారు, గదికి చేరడానికి గంటలు పట్టొచ్చు. పాస్‌పోర్టు, మందులు, పిల్లల బట్టలు, జానమాజ్ చేతి సంచిలో ఉండాలి. ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే ఓడలోని సముద్ర నెట్‌వర్క్‌కు కనెక్ట్ అయ్యి రోమింగ్ బిల్లు వేలల్లో వస్తుంది. భద్రతా డ్రిల్‌ను తేలిగ్గా తీసుకోవద్దు. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ప్రమాదంలో 32 మంది చనిపోయాక ఈ నియమం కఠినమైంది. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే ఎక్కడికి చేరాలో పిల్లలకూ నేర్పాలి.

ఏజెంట్‌ను రాతపూర్వకంగా అడగండి

- అన్నీ కలిపి మా కుటుంబానికి మొత్తం ఎంత?
- హలాల్ సర్టిఫికెట్ ఏ రెస్టారెంట్‌కు, ఎప్పటి వరకు?
- ఏయే దేశాల వీసా, ఎన్ని ఎంట్రీలు?
- రద్దు చేసుకుంటే ఏ తేదీకి ఎంత తిరిగొస్తుంది?
- గది ఏ అంతస్తు, కిటికీ ఉందా?

ఫోన్‌లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు. జవాబులు వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో వచ్చాకే డబ్బు పంపండి. రాసి ఇవ్వడానికి ఇష్టపడని ఏజెంట్ దగ్గర టికెట్ కొనకపోవడమే మంచిది.