మీకు తెలుసా? దుర్యోధనుడు నేలమీద పడుకునే ఊళ్లు

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో, ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర వేసవిలో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. చాలాచోట్ల 18 రోజులు: పగలు హరికథ, రాత్రి వీధినాటకం. చివర్లో దుర్యోధన వధ. మైదానంలో పదుల అడుగుల మట్టి దుర్యోధనుణ్ణి వెల్లకిలా మలుస్తారు. కిరీటం, భుజకీర్తులు ధరించిన దుర్యోధన పాత్రధారి ఆ బొమ్మ మీదే తిరుగుతూ భీముడితో తలపడతాడు. తొడ పగులుతుంది, ద్రౌపది జుట్టు ముడుస్తుంది. తర్వాత భక్తులు నిప్పులగుండం తొక్కుతారు.

ఇలా రాజు కూలడాన్ని మనసు కోణంలోనూ చూడొచ్చు. స్విస్ మనోవైజ్ఞానికుడు కార్ల్ యూంగ్ (1875–1961) రాజును మనసులోని పాలకశక్తికి ప్రతీకగా చూశాడు. ఆ రాజు ముసలివాడై, చచ్చి, కొత్తగా పుట్టాలన్నాడు. ఆయన బాటలో రాబర్ట్ మూర్, డగ్లస్ జిలెట్ 1990లో రాజుకు రెండు చీకటి ముఖాలు చెప్పారు: నిరంకుశుడు, దుర్బలుడు. మన కథలో మొదటిది దుర్యోధనుడైతే, రెండోది కొడుకును ఆపలేని ధృతరాష్ట్రుడని నాకనిపిస్తుంది.

సంస్కృత నాటకాల్లో చావును రంగస్థలం మీద చూపడం అరుదు. భాసుడి ‘ఊరుభంగం’లో మాత్రం దుర్యోధనుడు ప్రేక్షకుల ముందే, పశ్చాత్తాపంతో కన్నుమూస్తాడు. చిత్తూరు పల్లెల్లోనూ ఆ రాజు అందరి కళ్లముందే కూలతాడు. వధ రోజు పొద్దున్నే వెళ్లి చూడండి.