ముగ్గు చూసి ఇల్లు పోల్చినట్టు

ధనుర్మాసంలో మీ నాయనమ్మ పొద్దున్నే వీధిలో నడుస్తూ, తలెత్తి గుమ్మం చూడకుండానే ఎవరి ఇల్లో చెప్పేసేది. "ఇది ఆ మూలింటి కోడలి చెయ్యి, పదిహేను చుక్కల ముగ్గు దగ్గర ఎప్పుడూ తడబడుతుంది" అనేది. చుక్కలు చూసి మనిషిని పోల్చడమన్నమాట. ఇవాళ నేను చెప్పబోయే చేపని కూడా అలాగే పోలుస్తారర్రా. ఆ జంతికల డబ్బా ఇటు జరిపి కూర్చోండి.

నేను పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు బడి పంతులుగా ఉన్న రోజులవి. 2024లో ఆ ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, నా నోటికి పాత పేరే వస్తుంది. అక్కడ జంగ్లీఘాట్ అనే పేట ఉంది. పేరు విని అడవి అనుకునేరు! తెల్లారగట్ల జెట్టీ దగ్గరికి వెళ్తే మన శ్రీకాకుళం, విశాఖ తీరం యాసే వినిపిస్తుంది. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటి వెళ్ళిన మన వేటగాళ్ళు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగని తేలింది. నా క్లాసులో సగం చొక్కాలకి చేపల వాసనే. ఆ వాసన కోసం ఎప్పుడో బెంగపడతానని అప్పుడు అనుకోలేదు.

ఓ ఆదివారం ఒక పిల్లాడి నాన్న నన్ను డుంగీ ఎక్కించుకున్నాడు. డుంగీ అంటే ఇంజను బిగించిన పడవ. గంటసేపు పోయాక ఇంజను ఆపేసి, "మాస్టారూ, కదలకండి" అన్నాడు. పడవ కింద నల్లటి నీడ. మబ్బు నీడేమో అనుకున్నాను. మబ్బుకి చుక్కలుంటాయా? వీపంతా తెల్లటి చుక్కలు, వాటి మధ్య లేత గీతలు, చీర మీద అద్దకం వేసినట్టు. తల పడవకి ఈ పక్కన, తోక ఆ పక్కన. నాకు నోట మాట రాలేదు. ఆయన నవ్వి, "సొరే గానీ ఏం చెయ్యదండి. ఇది గంజి తాగే సొర" అన్నాడు.

ఆ మాట తర్వాత ఏ పుస్తకంలోనూ దొరకలేదు గానీ, అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. పుస్తకాల్లో దాన్ని తిమింగల సొర అంటారు, ఇంగ్లీషు వాళ్ళు వేల్ షార్క్ అంటారు. తిమింగలం మాత్రం కాదు. తిమింగలం బిడ్డకి పాలిచ్చే జంతువు, ఇది మొప్పలతో ఊపిరి తీసే చేప. చేపలన్నింటిలోకీ పెద్దది. పద్దెనిమిది మీటర్ల దాకా పెరిగినవి ఉన్నాయి, అంటే ఆర్టీసీ బస్సుకి ఒకటిన్నర రెట్లు. పళ్ళు వేలల్లో ఉంటాయి, కానీ ఒక్కోటి అగ్గిపుల్ల తలకాయంత. వాటితో జంతిక కొరకలేదు, నాలాగే. నోరు తెరుచుకుని ఈదుతూ పోతుంది. లోపల జల్లెడల్లాంటి మెత్తలు ఇరవై ఉంటాయి. నీళ్ళు మొప్పల గుండా బయటికి పోతాయి, నలుసంత ప్రాణులూ చిట్టి రొయ్యలూ చేపగుడ్లూ లోపల మిగులుతాయి. ఆరు మీటర్ల సొర గంటకి ఆరు లక్షల లీటర్ల నీళ్ళు వడగడుతుందని లెక్కగట్టారు. మన వీధికొచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లు నూట ఇరవై! మరి జల్లెడకి ఏదైనా అడ్డం పడితే? మీ అమ్మ టీ వడగట్టుని తిరగేసి దులిపినట్టు, అది దగ్గుతుంది. నిజంగా దగ్గేరా, నవ్వకండి.

సరే, చుక్కల దగ్గరికొద్దాం. కెన్యా తీరంలో దేవుడు దీని వీపు మీద షిల్లింగు నాణేలు చల్లాడంటారు. మడగాస్కర్ వాళ్ళు దీన్ని పిలిచే పేరుకి బోలెడు నక్షత్రాలున్నది అని అర్థం. మన తెలుగులో చూడండి, ముగ్గులోదీ చుక్కే, ఆకాశంలోదీ చుక్కే. శాస్త్రవేత్తలకి ఆ సంగతి కాస్త ఆలస్యంగా తట్టింది. 2005లో జేసన్ హోంబర్గ్ అనే కంప్యూటరు మనిషీ, అర్జుమానియన్ అనే ఖగోళ శాస్త్రవేత్తా, ఆస్ట్రేలియాలో ఈ సొరల వెంట తిరిగే బ్రాడ్ నార్మనూ కలిసి, ఆకాశం ఫోటోల్లో నక్షత్రాలని పోల్చే లెక్కనే తెచ్చి దీని ఒంటి మీద పెట్టారు. మూడేసి చుక్కలు కలిపితే ఒక త్రికోణం. అలా ఎన్నో త్రికోణాలు. ముగ్గు పీట మీద వేసినా వాకిలి నిండా వేసినా అదే ముగ్గు కదా? అలాగే దగ్గర్నుంచి తీసినా దూరం నుంచి తీసినా త్రికోణం తీరు మారదు. ఏ రెండు సొరల చుక్కలూ ఒకలా ఉండవు. ఇప్పుడు షార్క్‌బుక్ అనే ఉమ్మడి చిట్టాలో ఇలా పోల్చిన సొరలు పదివేలకు పైబడి ఉన్నాయి. అందులో చాలా ఫోటోలు నీళ్ళలోకి దిగిన మామూలు జనం పంపినవే.

"మరి నీ ఫోటో ఉందా తాతా?" అంటారా? అక్కడే ఉంది నా సిగ్గు. ఆ రోజు మూడు తీశాను. ఒకదాంట్లో తోక, ఒకదాంట్లో నీళ్ళ మీద ఎండ, మూడోదాంట్లో నా బొటనవేలు. తేదీ కూడా రాసుకోలేదు. హాజరు పట్టీలో ఒక్కరోజు తప్పని పంతుల్ని, ఆ సొరకి మాత్రం హాజరు వెయ్యలేకపోయాను.

హాజరెందుకంటే, అది తిరిగే దూరం అలాంటిది. 2011లో పనామా దగ్గర గుర్తు కట్టిన ఆన్ అనే ఆడ సొర, రెండేళ్ళ పైచిలుకులో ఇరవై వేల కిలోమీటర్లు ఈది పసిఫిక్ ఆవలి ఒడ్డు వైపు తేలింది. పెద్దదై ఈడుకి రావడానికి పాతికేళ్ళ పైనే పడుతుంది. అలాంటిదాన్ని గుజరాత్ తీరంలో ఏటా వందల్లో చంపేవాళ్ళు, దాని కాలేయం నూనె పడవలకి పూసేవాళ్ళు. 2001లో మన వన్యప్రాణి చట్టం దానికి పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. తర్వాత రామకథలు చెప్పే మొరారి బాపు దాన్ని పుట్టింటికొచ్చే ఆడపిల్లతో పోల్చి 'వ్హాలీ' అన్నారు, గారాల బిడ్డ అని. చిక్కిన సొరని వదిలెయ్యడానికి చట్టం కంటే ఆ మాటే ఎక్కువ వలలు కోయించిందని నా నమ్మకం. మన దగ్గరా 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరాన ఒకటి వలలో పడితే, మన వేటగాళ్ళూ అటవీ శాఖ వాళ్ళూ కలిసి మళ్ళీ సముద్రంలోకి తోశారు. దాని ఫోటోలు మాల్దీవుల్లో ఈ సొరలని లెక్కించే వాళ్ళ దాకా వెళ్ళాయి, మీరెరిగిన పిల్లేనా అని అడగడానికి.

వచ్చే సెలవులకి మీ నాన్న అండమాన్ తీసుకెళ్తానన్నాడుగా. అక్కడ నీళ్ళలోకి దిగేవాళ్ళకి ఇది అప్పుడప్పుడు ఎదురవుతుంది. కనిపిస్తే ముట్టుకోవద్దు, దారికి అడ్డం వెళ్ళొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు, మూడు నాలుగు మీటర్లు ఎడంగా ఉండండి, తోకకి ఇంకాస్త దూరంగా. వలలో చిక్కి కనిపిస్తే అటవీ శాఖకి కబురు చెయ్యమని పెద్దవాళ్ళకి చెప్పండి. అందరూ ఆ నోటినే ఫోటో తీస్తారు, మీరు ఎడమ పక్క తియ్యండి, ఆఖరి మొప్ప చీలిక వెనక, రెక్కకి పైన. అక్కడి చుక్కలతోనే సొరని పోల్చేది. తేదీ, వేళ, చోటు అప్పటికప్పుడే రాసుకోండి. బొటనవేలు మాత్రం అడ్డం రానివ్వకండి.