ఒమర్ యాఘీకి నోబెల్ తెచ్చిన ఆ 'ఖాళీ' ఏమిటి?

2025 అక్టోబర్‌లో కెమిస్ట్రీ నోబెల్ ప్రకటించిన రోజు మా ఫ్యామిలీ గ్రూపులో ఒమర్ యాఘీ ఫోటో తెగ తిరిగింది. పాలస్తీనా శరణార్థుల కొడుకు, జోర్డాన్‌లోని అమ్మాన్‌లో పుట్టాడు అని అందరూ షేర్ చేశారు. "సరే బేటా, ఇంతకీ ఆయన ఏం కనిపెట్టాడు?" అని అమ్మీ అడిగితే నా దగ్గర జవాబు లేదు. నేను బీకాం వాణ్ణి, నా కెమిస్ట్రీ టెన్త్‌తోనే ఆగింది. అందుకే కూర్చుని చదివాను.

ఆయనతో పాటు జపాన్ ప్రొఫెసర్ సుసుము కితగావా, ఆస్ట్రేలియాలో పనిచేసే రిచర్డ్ రాబ్సన్‌కు ఈ బహుమతి వచ్చింది. వాళ్లు తయారుచేసింది లోపల గదులున్న పదార్థం. మూలల్లో లోహపు అయాన్లు, వాటిని కలిపే దూలాల్లా కార్బన్ అణువులు, మధ్యలో అంతా ఖాళీ. మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్, పొట్టిగా మాఫ్ అంటారు. (ఖాళీ అనే మాట మన ఇళ్లల్లో ఉర్దూలోనూ తెలుగులోనూ ఒకటే కదా.)

రాబ్సన్‌కు ఈ ఆలోచన స్టూడెంట్ల కోసం చెక్క బంతులకు రంధ్రాలు పెట్టించేటప్పుడు వచ్చిందట. 1989లో రాగితో అలాంటి నిర్మాణం చేసి చూపించాడు, కానీ అది తొందరగా కూలిపోయేది. ఆ గదుల్లోకి గ్యాస్ వెళ్లి తిరిగి రాగలదని కితగావా 1997లో చూపించాడు. 1999లో యాఘీ చేసిన మాఫ్-5ను ఖాళీగా ఉంచి 300 డిగ్రీలకు వేడిచేసినా నిలబడింది. రెండు మూడు గ్రాముల పొడి లోపలి గోడలన్నీ పరిస్తే ఫుట్‌బాల్ గ్రౌండంత! గోదాములో ఖాళీ జాగా అంటే నష్టమని మాకు కాలేజీలో నేర్పారు. ఇక్కడ ఆ ఖాళీయే అసలు సరుకు.

యాఘీ చిన్నప్పుడు వాళ్లది ఒక్క గది ఇల్లు. కరెంటు లేదు, నల్లా లేదు. అలా పెరిగిన మనిషి తర్వాత ఎడారి గాలి నుంచి నీళ్లు తీసే పనికి దిగాడు. రాత్రి చల్లగా ఉన్నప్పుడు గాలిలోని తేమ మాఫ్ గదుల్లోకి చేరుతుంది. పగలు ఎండకు ఆవిరై బయటికొస్తుంది. దాన్ని చల్లబరిస్తే నీళ్లే. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా జెల్ ప్యాకెట్ కూడా తేమ పీలుస్తుంది, కానీ వదిలించాలంటే బాగా కాల్చాలి. మాఫ్‌కు ఎండ చాలు.

"అయితే ట్యాంకర్ పిలవనక్కర్లేదా?" అంది అమ్మీ. ఇక్కడ కొంచెం ఆగాలి. 2017లో ఒక కిలో మాఫ్‌తో రోజుకు 2.8 లీటర్లు తీయవచ్చని లెక్క చెప్పారు. అరిజోనా ఎడారిలో నిజంగా పెట్టి చూస్తే, 2018లో ప్రచురించిన ఫలితం ప్రకారం, కిలోకు దాదాపు 100 గ్రాములే వచ్చాయి, అంటే అర గ్లాసు. పైగా అందులో వాడిన లోహం జిర్కోనియం, ఖరీదైనది. ల్యాబ్‌లో అల్యూమినియంతో చేసిన మాఫ్-303 దానికి రెట్టింపు కన్నా ఎక్కువ ఇచ్చింది. అల్యూమినియం చవక, దొరకడమూ తేలిక. అమ్మీకి నేను చెప్పింది అదే: ఇప్పటికైతే ట్యాంకర్ నంబర్ డిలీట్ చెయ్యకు.