ఎందుకు నచ్చలేదో చెప్పిన పల్నాటి చదువరి

చదివిన పుస్తకం బాగుందనో బాగాలేదనో అనడం ప్రతి పాఠకుడూ నిత్యం చేసే పనే అయినా, ఆ మాటకు కారణం చూపవలసిన బాధ్యత తనదేనని నమ్మి, ఆ కారణాన్ని పదిమంది ముందు పెట్టి ఎదురు ప్రశ్నలకు జవాబు చెప్పిన పాఠకులు ఏ కాలంలోనైనా కొద్దిమందే కనిపిస్తారు. పల్నాటి నేలకు చెందిన అక్కిరాజు ఉమాకాంతం (1889–1942) ఆ కొద్దిమందిలో ఒకరు. 1928లో ఆయన వెలువరించిన ‘నేటి కాలపు కవిత్వం’ తెలుగు విమర్శ చరిత్రలో భావకవిత్వం మీద జరిగిన తీవ్రమైన దాడిగా పేరుపడింది గాని, నిజానికి అది ఒక పట్టుదల గల చదువరి తన కాలపు కొత్త పుస్తకాలను పంక్తి పంక్తిగా చదివి, ఎక్కడ ఆగిపోయాడో, ఎందుకు ఆగిపోయాడో రాసిపెట్టిన పత్రం కూడా.

ఈ వారపు ముఖచిత్ర కథనానికి పల్నాటి పాఠకుల అభిరుచులు విషయంగా నిర్ణయమైనప్పుడు గురజాల, మాచర్ల, నరసరావుపేటల చదువు అలవాట్లను వరుసగా వర్ణించడం సులభమైన దారిగానే కనిపిస్తుంది. అయితే గ్రంథాలయంలోని రిజిస్టరు ఏ పుస్తకం ఏ రోజున ఇంటికి వెళ్లిందో చెప్పగలదు గాని, ఆ పుస్తకం చదివినవారి మనసులో ఏం జరిగిందో చెప్పలేదు. ఆ రెండో సంగతి ఇంత నిక్కచ్చిగా, ఇంత వివరంగా దొరికే చోటు ఉమాకాంతం పుస్తకమే కనుక ఈ కథనంలో ఎక్కువ భాగం దానికే కేటాయించడం న్యాయం.

ఆ పుస్తకం నిర్మాణమే ముందుగా గమనించదగినది. ఉమాకాంతం తన అభిప్రాయాలను వ్యాసాలుగా కాక అధికరణాలుగా విభజించారు. అధికరణం అనేది మీమాంసా శాస్త్రంలో చర్చకు ఏర్పరచిన ప్రమాణం: ముందు విషయాన్ని చెప్పి, దాని మీద కలిగే సంశయాన్ని ఎత్తి, ఎదుటివారి వాదాన్ని పూర్వపక్షంగా నిలిపి, ఆ తరువాతనే తన నిర్ణయాన్ని సిద్ధాంతంగా చెప్పడం దాని పద్ధతి. వేదవాక్యాల అర్థాన్ని తేల్చడానికి పుట్టిన ఈ పద్ధతిని నిన్నమొన్న అచ్చయిన ఖండకావ్యాలకు వర్తింపజేయడం కొందరికి అతిగా తోచవచ్చు. అయినా అందులో ఒక గొప్ప మర్యాద ఉన్నది. కొత్త కవిని వేదంతో సమానమైన శ్రద్ధతో చదివితే తప్ప అతని మీద ఈ రకంగా అధికరణం రాయడం సాధ్యం కాదు, ఎదుటివారి వాదాన్ని వారికంటే బాగా చెప్పగలిగితే తప్ప పూర్వపక్షం నిలబడదు.

ఆయన పట్టి చూపిన దోషాలలో ముఖ్యమైనది శబ్దవాచ్యత. రసాన్ని గాని, ప్రేమ, శోకం, లజ్జ వంటి భావాన్ని గాని సన్నివేశం ద్వారా పాఠకుడికి స్ఫురింపజేయకుండా దాని పేరు పెట్టి చెప్పేయడాన్ని ఆలంకారికులు స్వశబ్దవాచ్యత అన్నారు. కాశ్మీరానికి చెందిన మమ్మటుడు కావ్యప్రకాశంలో దీనిని రసదోషాలలో చేర్చాడు. ఇందుకు విరుద్ధమైన మార్గానికి సంస్కృత సాహిత్యంలో సుప్రసిద్ధమైన ఉదాహరణ కుమారసంభవంలో ఉన్నది. పార్వతిని శివుడికి ఇమ్మని అంగిరసుడు హిమవంతుడితో మాట్లాడుతుండగా, తండ్రి పక్కనే ఉన్న ఆమె తలవంచుకొని చేతిలోని తామరపువ్వు రేకులు లెక్కపెడుతూ ఉన్నదని మాత్రమే కాళిదాసు చెప్పాడు, సిగ్గు అనే మాట ఎక్కడా వాడలేదు. తొమ్మిదో శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో ఈ శ్లోకాన్నే ధ్వనికి, అంటే చెప్పకుండా తెలియజేసే శక్తికి, ఉదాహరణగా తీసుకొన్నాడు. ఈ సంప్రదాయంలో చెవి పదునుపెట్టుకొన్న పాఠకుడికి విరహం, వేదన, మాధుర్యం అనే మాటలు పేజీ పేజీకీ ఎదురయ్యే కవిత్వం ఎందుకు రుచించలేదో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

రెండో దోషానికి ఆయన వాడిన పేరు పులుముడు. ఒకే భావాన్ని ముందుకు నడపకుండా, దాని మీద విశేషణాలనూ సమానార్థక పదాలనూ పొరలు పొరలుగా పూసి సాగదీయడం ఈ మాటకు అర్థం. సంస్కృత లక్షణ గ్రంథాలను తలకెక్కించుకొన్న పండితుడు, వంటింట్లోనూ వాకిట్లోనూ వినిపించే తెలుగు మాటను శాస్త్రపదంగా నిలబెట్టడం ఆయన చదువులోని ప్రాణాన్ని చూపుతుంది. పాఠకుడికి కలిగిన చిరాకు ముందు పుట్టి, దానికి సరిపోయే పేరు ఇంటి భాషలో దొరికి, శాస్త్రం ఆ తరువాత వచ్చి దాన్ని సమర్థించినట్లు ఈ పదం వినిపిస్తుంది. ఈనాడు అచ్చవుతున్న వచన కవితా సంపుటాలలో చాలావాటిని ఈ ఒక్క మాటతో పరీక్షించి చూస్తే, తొంభై ఏళ్లు దాటినా దాని పదును తగ్గలేదని ఏ పాఠకుడికైనా తెలుస్తుంది.

ఆయన ఎదిరించిన వాతావరణం గురించి క్లుప్తంగా చెప్పుకోవాలంటే, 1913లో రవీంద్రనాథ్ ఠాగూర్‌కు నోబెల్ బహుమతి వచ్చిన సంవత్సరంలోనే రాయప్రోలు సుబ్బారావు ‘తృణకంకణం’ వెలువడింది, ఇంగ్లీషు కాల్పనిక కవులను కళాశాలల్లో చదువుకొన్న యువకులు ఆత్మాశ్రయ కవిత్వం, అంటే భావకవిత్వం, వైపు మళ్లారు, తెనాలిలో శివశంకరశాస్త్రి పెద్దగా సాహితీ సమితి ఏర్పడింది, 1925 నాటికి దేవులపల్లి కృష్ణశాస్త్రి ‘కృష్ణపక్షం’, నండూరి సుబ్బారావు ‘ఎంకి పాటలు’ పుస్తకాలుగా వచ్చి యువపాఠకులను ఊపేశాయి.

ఆ ‘ఎంకి పాటలు’ దగ్గరే ఉమాకాంతం తీర్పుతో విభేదించవలసి వస్తుంది. గోదావరి ప్రాంతపు జానపద యాసలో ఎంకి, నాయుడుబావల ప్రణయాన్ని పాడిన ఈ గీతాలను ఆయన రసాభాస దృష్టితో చూశారు. తగని ఆశ్రయంలో, అంటే తగని పాత్రలో, చూపిన రసం అసలైన రసం కాక దాని నీడ మాత్రమే అవుతుందనడం రసాభాస సిద్ధాంతం. పద్నాలుగో శతాబ్దపు విశ్వనాథుడి సాహిత్యదర్పణం అధమపాత్రల శృంగారాన్నీ పశుపక్ష్యాదుల శృంగారాన్నీ ఒకే వరుసలో పెట్టి ఆభాసమన్నది. శబ్దవాచ్యత, పులుముడు కవితలోని పంక్తిని చూసి చెప్పే మాటలు. వాటికి సాక్ష్యం పుస్తకంలోనే దొరుకుతుంది. పొలం పని చేసుకొనే స్త్రీ ప్రేమ ఉత్తమ శృంగారం కాజాలదన్న మాటకు సాక్ష్యం పంక్తిలో లేదు, సమాజం వేసిన మెట్లలో ఉన్నది. ఇక్కడ ఆ గొప్ప చదువరి చదవడం ఆపి, చదవకముందే నిశ్చయించుకొన్న విషయాన్ని శాస్త్రం నోట పలికించారు.

ఈ తీర్పుకు బలమైన జవాబు ఉమాకాంతం బల్ల మీదనే ఉండటం విశేషం. ‘నేటి కాలపు కవిత్వం’ కంటే పదిహేడేళ్లు ముందుగా, 1911లో, శ్రీనాథుడి పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యం ‘పల్నాటి వీరచరిత్ర’ను రాతప్రతుల నుంచి వెలికితీసి అచ్చు వేయించినవారు ఆయనే. పన్నెండో శతాబ్దం చివర కారెంపూడి యుద్ధంతో ముగిసిన ఆ కథలో బ్రహ్మనాయుడు కులభేదం లేకుండా అందరినీ ఒకే పంక్తిన కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడు, మాల కన్నమదాసు సేనలు నడిపాడు, బాలచంద్రుడి వెంట వేర్వేరు కులాల తమ్ములు నడిచారు. వీరరసానికి కన్నమదాసు తగిన ఆశ్రయమైనప్పుడు శృంగారానికి ఎంకి ఎందుకు కాదన్న ప్రశ్న, ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టిన ఎవరికైనా తట్టక మానదు. పల్నాటి కథను లోకానికి అందించిన చేయి ఎంకిని తోసివేయడం ఆయన చదువులో మిగిలిన లోటుగానే ఈ కథనం భావిస్తుంది.

పల్నాడులోనే మరొక జవాబు కూడా పుట్టింది. ఇప్పటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువా, 1941లో ‘గబ్బిలం’ ప్రకటించారు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు మేఘాన్ని దూతగా పంపిన పద్ధతినే తీసుకొని, గుడిలోకి అడుగు పెట్టనివ్వని కులంలో పుట్టిన మనిషి తన మొరను కాశీలోని శివుడికి గబ్బిలం ద్వారా పంపినట్లు ఆయన కావ్యాన్ని నడిపారు. మనిషికి లేని ఆలయ ప్రవేశం ఆ ప్రాణికి ఉన్నదన్న ఒక్క ఊహలోనే కావ్యం బలమంతా ఉన్నది. ఈ కావ్యాన్ని ఉమాకాంతం పరీక్షలకు పెట్టి చూడటం మంచి పాఠకుడు చేయదగిన అభ్యాసం. అవమానాన్ని పేరు పెట్టి చెప్పే పద్యాలు ఇందులో లేకపోలేదు, అయితే దూత ఎంపికలోనే ఆ అవమానం ధ్వనిస్తుంది కనుక ఆ పద్యాలకు వెనుక దన్ను ఉన్నది. వ్యర్థంగా పులిమినట్లు తోచే పంక్తులు తక్కువ. ఇక పాత్రౌచిత్యం పేరుతో ఈ నాయకుణ్ణి తోసివేయబోతే కావ్యమంతా ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే ఆ తోసివేతే దాని కథావస్తువు. మొదటి రెండు పరీక్షలూ నిలిచి మూడోది పనికిరాకుండా పోయే చోటు ఇదే.

పదకొండో శతాబ్దపు క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో ఇతర కవుల లోపాలతో పాటు తన శ్లోకాలనే దోషానికి ఉదాహరణలుగా చూపాడు. ఉమాకాంతం పుస్తకాన్ని ఈనాడు చదివేవారు ఆయన పద్ధతిని ఆయన మీదనే ప్రయోగించడం ఆ సంప్రదాయానికి దూరమైన పని కాదు. పూర్వపక్షానికి చోటిచ్చిన రచయిత అటువంటి పాఠకుడికి ముందే తలుపు తెరిచిపెట్టినట్లే.

పమిడిపాడు భాష్యకారుడు

నరసరావుపేట సమీపంలోని పమిడిపాడులో 1875లో పుట్టి 1914లోనే మరణించిన బెల్లంకొండ రామరాయకవి మరొక రకమైన చదువరి. నలభై ఏళ్లు నిండని జీవితంలో ఆయన సంస్కృతంలో 143 గ్రంథాలు రచించినట్లు ప్రసిద్ధి. వాటిలో శంకరాచార్యుల గీతాభాష్యానికి రాసిన వ్యాఖ్య భాష్యార్కప్రకాశం అద్వైత పండితుల మన్నన పొందింది. వ్యాఖ్యానం అంటే ఒక గ్రంథాన్ని మాట మాటగా చదివినవాడు, తన తరువాత చదవబోయేవాడికి ఏ పదం దగ్గర ఏ సందేహం వస్తుందో ఊహించి రాసే సమాధానం కనుక, ఉమాకాంతం అధికరణాలకూ ఈ వ్యాఖ్యకూ మూలమైన అలవాటు ఒక్కటే.

చెవితో చదివే పుస్తకం

పల్నాటి కథకు అచ్చు ప్రతి కంటే పాత పాఠకులు శ్రోతలు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే అయిదు రోజులు జరిగే వీరారాధనలో కథలోని ఘట్టాలను గానం చేసి, ఆరాధనగా జరుపుతారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోగేర్, అలిసెట్టి గాలెయ్య పాడిన పాఠాన్ని ఆధారం చేసుకొని 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ఈ కథ మీద ఇంగ్లీషు గ్రంథం ప్రకటించాడు. ద్విపదలో చదివినవారు ఈ మౌఖిక పాఠాన్ని కూడా విని పోల్చుకొంటే, ఏ ఘట్టం దగ్గర కవి ఆగాడో, ఏ ఘట్టం దగ్గర గాయకుడు ఆగాడో తెలుస్తుంది, ఆ తేడాకు కారణం వెతకడంతో కొత్త చర్చ మొదలవుతుంది.